బాపు రాసిన బోర్డులు

ఇవాళ పంజాగుట్టలో ఎవరో ఇంటి గేటుకు రంగు వేస్తున్నారు. టర్పెంటైన్ వాసన తగలగానే అక్కడే ఆగిపోయాను. అది మా నాన్న చొక్కా వాసన. మేం ఆయన్ని బాపు అనేవాళ్లం.

అమీర్‌పేటలో మెట్టుమెట్టుకూ ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉన్న రోజులు గుర్తున్నాయా మిత్రులారా? ఆ బోర్డుల్లో చాలావాటిని రాసింది మా బాపే. కొత్త కోర్సు వచ్చిందంటే కొత్త బోర్డు కావాల్సిందే. యూసుఫ్‌గూడలోని మా అద్దె గదిలో రంగేసిన బోర్డు రేకులు ఆరుతుంటే, అక్కా నేనూ వాటికి తగలకుండా ఒదిగి నడిచేవాళ్లం. నీలం అక్షరానికి ఎర్ర నీడ దిద్దేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టేవాడు. ఆయన్ని చూసి మేమూ బిగబట్టేవాళ్లం.

తర్వాత ఫ్లెక్సీ మిషన్లు వచ్చాయి. ఎప్పుడూ బోర్డులు రాయించుకునే ఇన్‌స్టిట్యూట్ సారు ఒకరోజు బాపును పక్కన కూర్చోబెట్టుకుని, "ఏమనుకోవద్దు, మిషన్ అయితే గంటలో ఇచ్చేస్తున్నారు" అన్నాడట. కొన్నాళ్లకు బాపు ఆ ఫ్లెక్సీలనే నిచ్చెనెక్కి కట్టే పనికి కుదిరాడు. బడి నుంచి వస్తూ నేను పిలిస్తే పలికేవాడు గానీ కిందికి చూసేవాడు కాదు.

ఆ ఏడాదే అక్క పెండ్లి కుదిరింది.

"బాపూ, పెండ్లికి గోడ మీద మా ఇద్దరి పేర్లు నువ్వే రాయాలె" అంది అక్క.

"నా చెయ్యి వణుకుతుంది బిడ్డా. ఫ్లెక్సీ ఏపిద్దాం" అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేతిలో అంచుదాకా నిండిన చాయ్ గ్లాసు ఉంది. ఒక్క చుక్క కూడా తొణకలేదు.