మూసిన గుమ్మం మీద గునపం

మా చుట్టిల్లు, గుండ్రటి మట్టిల్లు, కూలిపోయేలా ఉందని రాసిన మనిషి దాని లోపల అడుగు పెట్టలేదు. నాకు రాయడం రాదు, చెప్పి రాయిస్తున్నాను; ముందు ఈ ముక్క రాయించాలి.

నా మొగుడు సముద్రం మీద పోయిన ఏడాది, అరవై ఏడో అరవై ఎనిమిదో, మా పేటలోంచి రేవుకి రోడ్డు వేస్తామన్నారు. గట్టి ఇల్లు అడ్డొస్తే రోడ్డు పక్కకి తిప్పుతారట, పాడుబడ్డదైతే పడగొడతారట. ఏది ఏదో చూసి రాయడానికి ఓవర్సీరు వచ్చాడు.

ఆ ఇంటి సంగతి నన్నడగాలి. మా అత్తా నేనూ కాళ్లతో తొక్కిన మట్టి అది. గడ్డీ గోగునారా కలిపి ఒక వరస పెట్టి, అది ఆరాకే రెండోది పెట్టాం. గోడ మూరెడు మందం. లోపల తాటిదూలాల మీద మట్టి అటక. పైన తాటాకు తగలబడినా కింద పడుకున్న బిడ్డకి సెగ తగలదు. గుండ్రటి గోడ గనక తుఫాను గాలికి పట్టు దొరికేది కాదు.

ఇదంతా చెప్పాల్సినదాన్ని నేను. మా మావ నన్ను దొడ్లోకి పొమ్మన్నాడు.

"పని మీదొచ్చిన బాబు. ఎదురు రాకమ్మా."

మొగుడు పోయిన మొహం కదా. వెళ్లి కూర్చున్నాను.

దడి సందులోంచి చూస్తూనే ఉన్నాను. ఓవర్సీరు ఇంటి చుట్టూ తిరిగి తూర్పు వైపు గునపంతో పొడిచాడు. పెళ్ల రాలింది. మళ్లీ పొడిచాడు, బొక్క పడింది. అక్కడ ఒకప్పుడు రెండో గుమ్మం ఉండేది. లోపల వలలు తగిలించడానికి గోడ చాలక, వానలు పడేలోగా నేనూ నా మొగుడూ ఆదరాబాదరా మూసేశాం. నార లేదు, తొక్కుడు లేదు, ఉత్త మట్టి. మావకీ తెలుసు. పక్కనే నిలబడి తలూపుతున్నాడు.

లేచి వచ్చేశాను. ఆ గునపం లాక్కుని బారెడు ఎడంగా పొడిచాను. చేతులు అదిరిపోయాయి. గోడకి పడింది గోరంత గాటు.

"అది మూసీసిన గుమ్మం బాబూ. గోడ ఇది. నువ్వూ పొడిసి సూడు. లోపలికొచ్చి అటక సూడు."

"రాసేశానమ్మా," అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మావ నామీద విసుక్కున్నాడు. "ఎదురొచ్చీసేవు, ఇంకేటవుతాది?"

"నోరున్నోడివి నువ్వు సెప్పనేదు. అందుకే నానొచ్చేను మావా."

ఆ కూలిపోయే ఇంటిని కూల్చడానికి నలుగురికి ఆరు రోజులు పట్టింది. వాళ్లు దాహమడిగితే నేను నీళ్లివ్వలేదు. కూలికొచ్చినవాళ్లు, వాళ్ల తప్పేమీ లేదు. అయినా ఇవ్వలేదు.

ఓవర్సీరుని తిట్టుకుంటాను, మావని తిట్టుకుంటాను. అందరికన్నా నన్ను ఎక్కువ తిట్టుకుంటాను. మొదటి పోటుకే లేవాల్సింది. రెండో పోటు పడేదాకా ఆ దడి వెనక ఎందుకు కూర్చున్నాను?