ఓడినవాళ్ల గెలుపు కండువాలు

అమీర్‌పేట స్టాపు దాటి పంజగుట్ట వైపు కాస్త సాగిందో లేదో, బస్సు ఆగిపోయింది. డ్రైవరు ఇంజను ఆపి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. అలా తల పెట్టుకున్నాడంటే ఇక ఆశ లేదన్నమాట.

"దిగుండ్రి, దిగుండ్రి. ముంగట చౌరస్తల ధర్నా ఉన్నది. పొద్దుగూకెదాక బండి కదలదు" అంది కండక్టరమ్మ.

"మళ్లీ ఏం ధర్నా తల్లీ?" అని అడిగింది ముందు సీట్లో ముసలావిడ.

"గియ్యాల ఓడినోళ్ల ధర్నా. మొన్న గెలిచినోళ్ల ర్యాలీ. మా బస్సుకైతే రెండూ ఒక్కటే అవ్వా."

బస్సంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న మనిషి మాత్రం నవ్వలేదు. అరవై దాటి ఉంటాయి. ఒళ్లో పెద్ద మూట. పాత చీరను లోపలి వైపు బయటకు వచ్చేలా తిరగేసి కట్టినది. దిగేటప్పుడు ఆ మూట తలుపు దగ్గర ఇరుక్కుంటే రెండో కొస నేను పట్టుకున్నాను. పట్టుకున్నాక వదలబుద్ధి కాలేదు. మెట్రో స్తంభాల నీడలో అలాగే చెరో కొసా పట్టుకుని పంజగుట్ట వైపు నడిచాం.

"ఏముంది ఇందులో? మెత్తగా ఉంది కానీ బరువే" అన్నాను.

"గుడ్డ" అన్నాడు. కొంచెం దూరం పోయాక, "కండువాలు" అన్నాడు.

"ఏ పార్టీవి?"

ఆయన ఆగి చుట్టూ చూశాడు. "జర మెల్లగ పెద్దాయనా. గీ రోడ్డు మీద గిప్పుడు గా మాట అడిగెటోడు పోలీసోడన్నా కావాలె, పిచ్చోడన్నా కావాలె. నువ్వు రెండిట్ల ఏది?"

"రెండోదే. దేశదిమ్మరి జాతి."

"అయితే ఫికర్ లేదు" అని మళ్లీ నడిచాడు.

పేరు మార్కండేయులు. పద్మశాలీల ఇళ్లలో ఆ పేరుకు కొదవ లేదు. తమ కులమంతా ఆ ఋషి సంతతేనని వారి నమ్మకం. సిరిసిల్లలో తండ్రి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పెరిగాడట. మగ్గాలకు కరెంటు వచ్చి, చేతులకు పని తగ్గాక, కత్తెరా టేపూ పట్టుకుని అమీర్‌పేట వచ్చాడు. మొదట ఎవరి అరుగు మీదో ఒక మిషను. పెళ్లై కాంతవ్వ వచ్చాక, మధురానగర్‌లో ఒక అపార్టుమెంటు కింద చిన్న గది. కంప్యూటరు కోర్సులకని వచ్చి హాస్టళ్లలో దిగే పిల్లల ఇంటర్వ్యూ ప్యాంట్లు కురచ చేయడం ఆయన నిత్యకృత్యం. ఎన్నికలొస్తే జెండాలు, కండువాలు.

కొట్లో పార్టీల పేర్లు ఎత్తడు. ఒకటి సన్నంచు పార్టీ, ఇంకొకటి పెద్దంచు పార్టీ. ఎవరి కండువా అంచు ఎంత వెడల్పో, అంతవరకే ఆయనకు రాజకీయం. నేనూ ఆ పేర్లే వాడతాను. మొన్న డివిజన్ ఎన్నికలో పెద్దంచు పార్టీ గెలిచింది. ఎంత తేడాతో అంటే, ఒక అపార్టుమెంటు వాళ్లు ఆ రోజు పెళ్లికి పోయి ఉంటే తారుమారయ్యేది. సన్నంచు వాళ్లు ఒప్పుకోలేదు. పెట్టెలు మార్చారన్నారు. అప్పటినుంచీ ఈ రోడ్లకు నిద్ర లేదు.

నేను చాలా ఊళ్లలో చాలా ఎన్నికలు చూశాను. పూర్వం ఓడినవాడు కొన్నాళ్లు ఇంట్లోంచి బయటికి వచ్చేవాడు కాదు. తర్వాత గెలిచినవాడి ఇంట్లో పెళ్లికే వెళ్లి, పప్పులో ఉప్పు తక్కువైందని వంక పెట్టేవాడు. అంతటితో ఎన్నిక అయిపోయినట్టు. ఇప్పుడు ఓడినవాడన్నవాడే లేడు. గెలిచినవాళ్లు, మోసపోయినవాళ్లు, ఈ రెండే జాతులు. అనుమానం కొత్తదేమీ కాదు లెండి. తమిళదేశంలో వెయ్యేళ్ల నాటి శాసనం ఒకటుంది. పేర్లు రాసిన తాటాకు చీటీలు కుండలో వేసి, అందరూ చూస్తుండగా ఊహ తెలియని పిల్లవాడి చేత తీయించేవారట. పెద్దవాళ్ల చేతుల మీద అప్పుడూ నమ్మకం లేదు. కాకపోతే వాళ్లకు నమ్మదగిన పిల్లవాడైనా ఒకడు దొరికేవాడు.

ఈ మాటే మార్కండేయులుతో అంటే, "మాకు దొరికింది ఫోను పట్టుకున్న పోరడు పెద్దాయనా" అన్నాడు.

అప్పుడు చెప్పాడు సంగతి.

గెలుపు కండువా వేరు, ప్రచారం కండువా వేరు. ప్రచారానికి పలుచని గుడ్డ, ఒక్క వానకు రంగు దిగిపోతుంది. గెలుపు కండువాకు మంచి గుడ్డ, అంచుకు జరీ, రెండు కొసలా కుచ్చులు. ఫలితం వచ్చాక కుట్టించడానికి వ్యవధి ఉండదు, ఊరేగింపు ఆ పూటే. అందుకని రెండు పక్షాలూ లెక్కింపుకు ముందే కుట్టించి పెట్టుకుంటాయి. ఇది దర్జీలందరికీ తెలిసిన సంగతే. ఈసారి సన్నంచు వాళ్ల గెలుపు కండువాలు పురమాయించినవాడు ఆ పార్టీలో కుర్ర నాయకుడు జగదీశ్. మార్కండేయులు కూతురు వెన్నెల మొగుడు.

"మరి ఓడినవాళ్లవి ఏమవుతాయి?" అన్నాను.

"మా దర్జీలల్ల ఒక కట్టుబాటున్నది. ఓడినోని గెలుపు కండువాల ముచ్చట బయట తియ్యద్దు. పెండ్లి తప్పిపోయిన పిల్ల పట్టుచీర లెక్క అది. కుచ్చులు కత్తిరిచ్చి, దిండ్లకు గలీబులు కుట్టి, ఎవలకు తెల్వకుంట మాయం చెయ్యాలె. ఎన్కట నాకు పని నేర్పిన ఉస్తాద్ చేతుల చెయ్యేయించుకున్నడు."

లెక్కింపు మర్నాడు టీ కొట్టు దగ్గర ఒకడు వీడియో తీస్తూ ఫోను ముఖమ్మీద పెట్టి అడిగాడట, పెద్దంచు వాళ్లకు గెలుస్తామని ముందే తెలుసా అని. పక్కన జగదీశ్ నిలబడి ఉన్నాడు, ఓడిన ముఖంతో. మార్కండేయులు టీ ఊదుకుంటూ అన్నాడు: "తెల్వకేంది? లెక్కపెట్టక ముందే గెలుపు కండువాలు నా మిషన్ మీదనే కుట్టించుకున్నరు."

అన్నది అబద్ధం కాదు. కానీ అది సగం. సన్నంచు వాళ్లూ కుట్టించుకున్నారన్న రెండో సగం నోటి దాకా వచ్చింది. కట్టుబాటు అడ్డొచ్చింది. నలుగురిలో అల్లుడి పరువెందుకు తీయాలని మింగేశాడు. సాయంత్రానికి ఆ సగం మాట ఊరంతా తిరిగింది. ముందే తెలియకపోతే ముందే ఎలా కుట్టిస్తారు? పెట్టెలు మార్చారనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? సన్నంచు వాళ్ల గుంపు రాళ్లు పట్టుకుని, పెద్దంచు పార్టీ ఆఫీసున్న మధురానగర్‌లోకి వచ్చింది.

మార్కండేయులు గది పక్క కొట్టు రాఘవయ్యది. తెనాలి వైపు మనిషి, జిరాక్సు కొట్టు. ఇరవై ఏళ్లకు పైగా ఇద్దరికీ ఒకే గోడ, ఒకే మధ్యాహ్నం, మార్చుకు తినే కూరలు. "మీ పచ్చిపులుసేంటి మార్కండేయులు గారూ, చారుకి జలుబు చేసినట్టుంది" అని ఆయనంటే, "మీ గోంగూర తిన్నంక నాలిక ఎక్కడున్నదో ఎతుక్కోవాలె సారూ" అని ఈయన. రాష్ట్రం కోసం గొడవలు జరిగిన రోజుల్లో రాఘవయ్య షట్టరుకు మార్కండేయులు తన తాళం వేసి, అది తన కొట్టేనని చెప్పి నిలబడ్డాడట.

"రాఘవయ్య గారిది పెద్దంచు పార్టీనా?"

"సారుది ఏ పార్టీ కాదు. గెలిచినోళ్ల పోస్టరు షట్టరుకు ఎవలో అతికిచ్చి పోయిన్రు. చింపితే వాళ్లతోని లొల్లి, ఉంచితే వీళ్లతోని లొల్లి. ఎందుకొచ్చిన తంటా అని ఉంచిండు. గుంపొచ్చినప్పుడు షట్టరు దించుతుండు. రాయి వచ్చి కంట్ల తాకింది."

కుడి కన్ను పోయింది. రాఘవయ్య సోమాజిగూడలో ఒక ఆస్పత్రిలో ఉన్నాడు. ఈయన ఇంకా చూడటానికి పోలేదు. ఫోను చేస్తే రాఘవయ్య భార్య కుసుమకుమారి ఎత్తి, అరవకుండా, ఏడవకుండా అందట: "ఏ నోటితో అన్నారో ఆ నోటితోనే మిగతాది కూడా చెప్పి రండి మార్కండేయులు గారూ. అప్పటిదాకా ఆయన్ని చూడొద్దు."

అందుకే ఈ మూట. లోపలున్నవి సన్నంచు వాళ్ల గెలుపు కండువాలు. కాంతవ్వ గలీబులకని అడిగితే ఇవ్వకుండా అటక మీద పెట్టాడు. చౌరస్తాలో టీవీ వాళ్లుంటారు. వాళ్ల ముందు మూట విప్పి, ఇద్దరూ కుట్టించారు, ఇందులో మోసమూ లేదు మన్నూ లేదు అని చెప్పి, అటునుంచి అటే ఆస్పత్రికి పోవాలని.

"అల్లుడు ఊరుకుంటాడా?"

"ఊకోడు. బిడ్డను సుత పంపకపోవచ్చు." మూట కొస సర్దుకుని, "కన్ను కంటె ఎక్కువా?" అన్నాడు. నన్ను అడిగినట్టు లేదు.

చౌరస్తాలో రోడ్డు మీదే తివాచీలు పరుచుకు కూర్చున్నారు జనం. వ్యాను మీద నిలబడి మైకులో అరుస్తున్న కుర్రాణ్ణి చూపించి, "ఆడే జగదీశ్" అన్నాడు మార్కండేయులు. మామగా గర్వమో దిగులో, రెండూ ఉన్నాయి గొంతులో. తిన్నగా టీవీ వాళ్ల దగ్గరికి నడిచాడు. అక్కడ మంజూష అనే విలేకరి అమ్మాయి గుర్తుపట్టింది.

"అంకుల్, ఆ వీడియోలో ఉంది మీరే కదా! ఒక్క నిమిషం, ఇలా వెలుగులోకి రండి."

ఆయన చొక్కా గుండీ సర్దుకున్నాడు. "నేను మొన్న సగమే చెప్పిన. గెలిచినోళ్లు ఒక్కలే కాదు. ఓడినోళ్లు సుత ముందే కుట్టించిన్రు. అందరు కుట్టిస్తరు. ఇగో" అని ముడి విప్పాడు. జరీ అంచులు ఎండకు మెరిశాయి. వెనకనుంచి ఒకడు, "ఏం ముసలోడా, ఎంత ఇచ్చిన్రు గా పెట్టెలు మార్చినోళ్లు?" అని అరిచాడు.

జగదీశ్ వ్యాను మీంచి దూకి వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. మూట చూసి ఒక్క క్షణం, దొంగతనంగా చేసిన ముచ్చట బయటపడ్డవాడిలా తెల్లబోయాడు. ఆ క్షణం ఇంకొంచెం నిలబడి ఉంటే బాగుండేది. వంగి ఒక కండువా తీశాడు. మామ మెడలో వేశాడు. ఆయన భుజం చుట్టూ చెయ్యి వేసి కెమెరా వైపు తిరిగాడు.

"చూస్తున్నరా! గెలుస్తమని మా మామకు సుత తెలుసు. బస్తీ బస్తీకి తెలుసు. అందుకే కండువాలు కుట్టి పెట్టుకున్నం. గింత నమ్మకం ఉన్నోళ్లం ఎట్ల ఓడిపోతం? పెట్టెలు మార్చకుంట గిది అయితదా?"

జనం లేచి అరిచారు. చేతులు మూట మీద పడ్డాయి. చూస్తుండగానే అందరి మెడల్లోనూ గెలుపు కండువాలు.

"గట్ల కాదు బిడ్డా. నేను చెప్పేది గది కాదు" అంటున్నాడు మార్కండేయులు. మైకుల ముందు నిలబడి కూడా ఎవరికీ వినిపించని మనిషిని నేను చూడటం అదే మొదటిసారి. మంజూష చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, నువ్వన్నా చెప్పు. నేనన్నది గది కాదు గదా."

"మీరన్నది మొత్తం రికార్డైంది అంకుల్. సౌండ్ కూడా బాగా వచ్చింది" అంది ఆ అమ్మాయి, నిజంగానే ఓదారుస్తున్నట్టు. వెంటనే అటు తిరిగి, ధర్నాలో కొత్త మలుపు అని మొదలుపెట్టింది.

జగదీశ్ మామను పక్కకు తీసుకొచ్చాడు. చెడ్డవాడిలా లేడు. నీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చాడు. "మస్తు మంచి పని చేసినవ్ మామా. ఎండల నిలవడకు, ఇంటికి పో. వెన్నెల ఫికర్ చేస్తది."

"రాఘవయ్య సారు కన్ను సంగతేంది జగదీశ్?"

"గది సుత వాళ్ల పాపమే మామా. వాళ్లు పెట్టెలు మార్చకుంటే మనోళ్లు రాళ్లెందుకు ఏస్తరు?"

అతను ఆ మాట నమ్మే అన్నాడు. నాకు భయమేసింది అందుకే. అబద్ధమాడేవాడితో వాదించవచ్చు. మూట విప్పి చూపించవచ్చు. చూపించినదల్లా సాక్ష్యంగా మార్చుకోగల నమ్మకం ముందు ఏం విప్పుతాం?

గుంపు కదిలింది. మెడల్లో కండువాలతో, మధురానగర్‌లోని పెద్దంచు పార్టీ ఆఫీసుకు పోదాం పదమని అరుస్తూ అమీర్‌పేట వైపు తిరిగింది. పోలీసులు విజిళ్లు ఊదుతూ పక్కన పరుగెత్తారు. మేమిద్దరం ఫుట్‌పాత్ మీద మిగిలాం.

"ఆస్పత్రికి పదండి. చెప్పాల్సింది చెప్పారు కదా. ఆవిడ టీవీలో చూసే ఉంటుంది" అన్నాను. అని నాలిక కరుచుకున్నాను. ఆవిడ ఏం చూసి ఉంటుంది? మెడలో కండువా, భుజమ్మీద అల్లుడి చెయ్యి.

మార్కండేయులు మెడలోది తీసి మడతపెట్టాడు. అలవాటున్న చేతులు, అంచుకు అంచు కలిపి. దాన్ని గోడ మీద పెట్టాడు.

"మొన్న సగం చెప్తె ఒక కన్ను పోయింది పెద్దాయనా. గియ్యాల పూరా చెప్పిన. ఎవలిది పోతదో."

గోడ మీది కండువా వైపు చూసి తలెత్తేసరికి ఆయన రోడ్డు దాటుతున్నాడు. పోయొస్తనని కూడా అనలేదు. గుంపు పోయిన అమీర్‌పేట వైపు పోలేదు. ఆస్పత్రి ఉన్న సోమాజిగూడ వైపూ పోలేదు. బంజారాహిల్స్ వైపు ఎక్కే రోడ్డు పట్టాడు. ఆ దారిలో ఆయనకు ఇల్లు లేదు, కొట్టు లేదు, తెలిసినవాళ్లెవరూ లేరు.