ముందు కూర్చోండి

కంప్యూటర్లు బాగుచేసే ఆ పెద్దాయనకి బజారు పెట్టిన పేరు 'ముందు కూర్చోండి'. గ్రాఫిక్స్ కార్డు కావాలని ఎవరొచ్చినా ఆయన నోట మొదట వచ్చే మాట అదే. కూర్చోబెట్టి, వాళ్ల కంప్యూటర్లో వాళ్ల పని వాళ్లచేతే చేయిస్తాడు. ప్రాసెసర్ నూటికి ఎంత కష్టపడుతోందో, కార్డు ఎంత కష్టపడుతోందో పలక మీద సుద్దతో రాస్తాడు. ఆ తర్వాతే కార్డు పేరెత్తాలి.

ఆ రోజు మేనకోడలు తన కంప్యూటర్ని మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. భవనాల నమూనాలు గీసే పిల్ల. కట్టబోయే ఆస్పత్రిలో గది గదికీ నడుస్తున్నట్టు ఎల్లుండి కట్టించేవాళ్లకి తెర మీద చూపించాలి. సొంతంగా ఒప్పుకున్న మొదటి పని.

"కొత్త కార్డు వేశాక కూడా నత్తనడకే మామయ్యా. మెట్లెక్కుతుంటే బొమ్మ ఆగి ఆగి గెంతుతోంది."

కూర్చోబెట్టాడు. పలక మీద అంకెలు పడ్డాయి. ప్రాసెసర్ నూరు, కార్డు ముప్పై. ఆయనకి ఒళ్లు మండిపోయింది.

"తొమ్మిదేళ్ల ముసలి ప్రాసెసర్‌కి ఇంత కార్డా! అది పని అందిస్తేగా ఇది చేసేది? ఎవడమ్మా నీకిది అంటగట్టింది?"

"పెద్ద షాపులో..."

"పద!"

పలక చంకన పెట్టుకుని వెళ్లి కౌంటరు మీద టప్పున పెట్టాడు. "ఏ కంప్యూటర్‌కో అడగకుండా అమ్మేస్తారా? చెప్పుల కొట్టువాడు కూడా కాలు చూస్తాడు కదయ్యా!"

కౌంటర్లో మనిషి తాపీగా అన్నాడు. "కార్డు బాగానే పనిచేస్తోంది కదండీ. పాడైతేనే వాపసు."

"బాగుంది కాబట్టే మండుతోంది నాకు!"

"ప్రాసెసర్ ఏంటో చూద్దామన్నాం సార్. అమ్మాయిగారే వద్దన్నారు." ఆర్డరు కాగితం తీసి ముందుకు జరిపాడు. కింద గుండ్రటి అక్షరాలతో మేనకోడలి రాత: 'మామయ్య చూసి చెప్పారు.'

"నేనెప్పుడు చూశానే?"

"పోయిన నెల ఫోన్ చేస్తే, ఉన్నవాటిల్లో పెద్దది వేసేయ్ అన్నావుగా. నువ్వు చూడకుండా చెప్పవు కదా అని..." అంది ఆ పిల్ల.

గుర్తొచ్చింది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, జారిపోయిన మరమేకు కోసం బల్ల కింద వెతుకుతూ అన్న మాట అది. బజారంతటినీ కూర్చోబెట్టే మనిషి, సొంత మేనకోడలికి మాత్రం గాల్లో జవాబు చెప్పాడు.

దారంతా రుసరుసలే. "ఇంట్లో పిల్లంటే ఇంత లోకువా! సిగ్గుండాలి!" తిట్టేదీ ఆయనే, తిట్లు తినేదీ ఆయనే.

కొట్లోకి రాగానే తన కంప్యూటర్ విప్పాడు. దాని మదర్‌బోర్డూ మేనకోడలి దాని కాలందే, అదే రకం. కాకపోతే ఆ బోర్డు మోయగల అన్నిటికన్నా పెద్ద ప్రాసెసర్‌ని ఎక్కడెక్కడో వెతికి తెచ్చి పెట్టుకున్నాడు. దాన్ని ఊడదీసి, తుడిచి, మేనకోడలి కంప్యూటర్లో కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు ఎక్కు మెట్లు."

బొమ్మ ఎక్కడా తడబడకుండా పైఅంతస్తు దాకా వెళ్లింది. ప్రాసెసర్ ఎనభై, కార్డు డెబ్బై.

"మరి నీ కంప్యూటరో, మామయ్యా?"

"నా పనికి నీ ముసలిది చాలు. ఇంకోసారి నేను ఫోన్లో చెప్పిన మాట విన్నావంటే మాత్రం ఊరుకోను!"