మా పేరున చచ్చిన బర్రె

ఒమాన్‌లోని సీబ్‌లో ఒక విల్లాకు ప్లాస్టరింగ్ చేస్తుండగా ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. డ్యూటీలో ఫోన్ ఎత్తితే ఫోర్‌మన్ కస్సుమంటాడు. అయినా ఆగకుండా మోగుతుంటే ఎత్తాను.

"చిన్నమ్మ బర్రె సచ్చిపోయింది," అంది నా భార్య. "పొద్దుగాల లేశి చూశేవరకే కాళ్లు జాపింది."

చిన్నమ్మ మాకు చుట్టం కాదు, పక్కిల్లు. మొగుడు పోయాక ఆ ఒక్క బర్రె పాల మీదే బతుకుతోంది. వినగానే అయ్యో అనాలి కదా మనిషన్నవాడు? నేను అనలేదు. "దాని చెవుకు బిళ్ల ఉన్నదా ఇంకా?" అని అడిగాను. థూ, నా బతుకు!

ఎందుకంటే ఆ బిళ్ల నాది. ఒమాన్ వీసా కోసం ఏజెంటుకు కట్టడానికి అప్పట్లో నా దగ్గర చిల్లిగవ్వ లేదు. మా గ్రామీణ బ్యాంకు వీసాకు అప్పివ్వదు, బర్రెకు ఇస్తుంది. ఎకరం చెలక ఉన్నవాడికి అంత తక్కువ వడ్డీకి ఇంకెక్కడా పుట్టదు. కాకపోతే బర్రెను చూపించాలి, పశువుల డాక్టర్ దాని చెవికి నంబరు బిళ్ల కొట్టి ఇన్సూరెన్స్ చేయాలి. చిన్నమ్మను అడిగితే మారుమాట లేకుండా తన బర్రెను తోలుకొచ్చి మా కొట్టంలో కట్టింది. పశువుల బేరగాడు కమీషన్ తీసుకుని, దాన్ని నాకు అమ్మినట్టు కాగితం రాసిచ్చాడు. లోన్ వచ్చింది, నేను విమానమెక్కాను. బర్రె మాత్రం నా బిళ్లతోనే చిన్నమ్మ ఇంటికి తిరిగి వెళ్లింది.

ఇప్పుడది చచ్చింది. బ్యాంకు సారూ డాక్టరూ చూసిపోతే ఇన్సూరెన్స్ డబ్బు నేరుగా నా లోన్‌లో జమవుతుంది. నిజం చెబితే చిన్నమ్మకు పైసా రాదు, నా మీద కేసు పడుతుంది. చెప్పకపోతే నా అప్పు తీరుతుంది, చిన్నమ్మకు అప్పుడూ పైసా రాదు. ఈ లెక్క మాత్రం నాకు చిటికెలో తేలిపోయింది.

"దాన్ని మన కొట్టంలకు గుంజుకరమ్మను. సార్ వచ్చినప్పుడు నువ్వే ఏడువు. చిన్నమ్మను ఏడ్వొద్దను, అనుమానమొస్తది," అన్నాను.

"ఆమె బర్రె గదనయ్యా!"

"నోర్మూస్కొని చెప్పింది చెయ్!"

ఎండ నెత్తికెక్కి అలా అరిచానని తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను. పాపం, ఎండను అనడమెందుకు?

చిన్నమ్మ ఏడవలేదట. పైగా ఆ బర్రె మాదేనని సాక్షిగా వేలిముద్ర కూడా వేసిందట. లోన్ తీరిందని మెసేజ్ వచ్చిన రోజు అల్ హైల్‌లోని మా రూమ్‌లో అందరికీ చికెన్ తెప్పించాను. "క్యా భాయ్, లాటరీ లగీ క్యా?" అని పక్క మంచం బీహారీ అడిగితే పళ్లికిలించాను కూడా.

చిన్నమ్మ ఇప్పుడు బీడీలు చుట్టి బతుకుతోందని తెలిశాక ఇక ఉండబట్టలేక, ఒక శుక్రవారం నేనే ఫోన్ చేశాను.

"చిన్నమ్మా, తప్పయింది. నెలనెలా పంపుత. బర్రె పైసలు మొత్తం కడుత."

వద్దంటుందేమో అనుకున్నాను. ఎందుకు దాచాలి, అనాలనే ఆశపడ్డాను. ఆమె అనలేదు.

"పంపు బిడ్డా, నాకు అక్కెరున్నది. నువ్వు ఎగవెట్టవు, నాకెర్కే. గని దాన్ని పాలుదాగే దుడ్డె కాన్నుంచి సాదుకున్న. గది సచ్చిపడుంటె పరాయిదాని లెక్క నిలవడి చూస్తి. మీద చెయ్యేసి ఏడ్వనియ్యకపోతిరి గదరా కొడుకా."