తీసెయ్ అన్న మాట

యుద్ధం లేని రోజుల్లోనే మా ఓడ ఒక మనిషిని కాల్చింది. తప్పు ఓడది కాదు, నాది. ఇది నా చేత్తో రాసేదానికి యాభై ఏండ్లకు పైన పట్టింది. నాకు అక్షరాలు వచ్చిందే అరవై దాటినాక, హిందూపురం బస్టాండులో బోర్డులు కూడబలుక్కుంటా నేర్చుకుంటే.

అరవై అయిదు యుద్ధం ముగిసినాక నేవీలో చేరినాను. చదువు రానోడికి దొరికింది ఊడ్చే పని. ఇంట్లో మాత్రం మిషన్ల కాడ పని అని చెప్పినాను. సేద్యగాని కొడుకు చీపురు పట్టినాడని తెలిస్తే మా నాయన గడప తొక్కనిచ్చేవాడు కాదు. నన్ను వేసిన ఓడ డిస్ట్రాయరు, ఇంగ్లీషోళ్ళు వాడి ఇచ్చింది. డెబ్బై ఒకటి యుద్ధం వచ్చేలోపల దానికి పనల్లా బొంబాయి నుంచి కొచ్చికి పోయి వచ్చేది, ఉత్త నీళ్ళ మీదికి గుండ్లు కాల్చి నేర్చుకునేది. మాకు పని తుప్పు గీకేది, రంగు వేసేది. ఎంత గీకినా ఉప్పుగాలికి మళ్ళీ తుప్పే.

ఆ ఓడలో నాకు తెలుగు వినిపించే నోరు ఒకటే. ధర్మవరమోడు, మగ్గం నేసే ఇంటి మనిషి, బాయిలరు గదిలో పని చేస్తాండె. నేను కనపడితే, "ఏమబ్బా హిందూపురం, ఈ పొద్దు సముద్రం ఎంత దూరం ఊడిస్తివి?" అనేవాడు.

"ముందు నీ మసి మొగం కడుక్కో పో. మీ అమ్మ చూసినా గుర్తు పట్టదు" అనేవాణ్ణి.

ఆ పొద్దు నేను బాయిలరు గది నిచ్చెన తుడుస్తా ఉండాను. కింద గొట్టం అతుకు కాడ ఆవిరి చిమ్మింది. పైనున్న ఆఫీసరు మూయమని ఇంగ్లీషులో అరిచినాడు. ఆ హోరులో కిందికి వినపడలే. నడుమ నేనుండాను గదా, పెద్దరికం చేసి తెలుగులో అరిచినాను.

"ఆవిరి తీసెయ్!"

దీపం తీసెయ్ అంటామే, అట్ల. ఆపెయ్ అని.

కిందున్న ధర్మవరమోడు తలెత్తి, "తీయాల్నా?" అన్నాడు.

"తీసెయ్ అంటి గదప్పా, చెవుడా నీకు?"

తలుపు తీసినట్టు తీసినాడు. వాల్వు పూర్తిగా తిప్పేసినాడు, ఆవిరంతా వాని చేతుల మీదికే కొట్టింది.

ఆసుపత్రిలో వాని చేతులు రెండూ గుడ్డల్లో ఉండాయి. నాకు భయం, ఆ భయంలో నేనే వాని మీద ఎగిరిపడినాను. "దీపం తీసెయ్ అంటే ఏం చేస్తావురా నువ్వు?"

"తలుపు తీసెయ్ అంటే నువ్వేం చేస్తావు?" అన్నాడు.

వాడే మళ్ళీ అన్నాడు: "విచారణలో నీ నోట్లోంచి వచ్చిన మాట వచ్చినట్టు చెప్పు. అంత చాలు నాకు."

చెప్పలేదు. ఊడ్చేవానికి ఆర్డరు చెప్పే పనేంది అని నన్ను తరిమేస్తారనుకున్నాను. మూయమనే కిందికి చెప్పినా అన్నాను. నువ్వు తెలుగులో అన్న మాట ఏందని అడిగేవాళ్ళు ఆడ లేరు. కాగితం మీద వేలిముద్ర వేసినాను. చెప్పింది వినకుండా తిప్పినాడని రాసి వాణ్ణి ఇంటికి పంపినారు. వాని వేళ్ళు ఒకదానికొకటి అతుక్కునిపోయినాయి. అవి ఇంక మగ్గం మీద పోగు పట్టేదానికి పనికిరావు.

పోయిన నెల తెలిసింది, వానికి ఊపిరి ఆడడం లేదని, ఇంక దినాల మీద ఉండాడని. రెండు దినాలు కూర్చుని జరిగింది రాసినాను. ధర్మవరం రైలెక్కితే పెనుకొండలో ఆపేసినారు. ఎదురుబండి రావల్లంట. నేను లేస్తా కూర్చుంటా ఉంటే పక్కనున్నాయన, "ఏం పెద్దాయనా, ముహూర్తం దాటిపోతాందా?" అన్నాడు. నవ్వలేకపోయినాను. వాడు పోయినాక చేరితే ఈ కాగితం ఎవరికి?

బతికే ఉండాడు. మంచం మీద గోడకు ఆనుకుని. నన్ను చూసి గుర్తు పట్టినాడు. నేను కాగితం తీసినాను.

"నాకెందుకు? నాకు తెలిసిందే గదా" అన్నాడు, ఆగి ఆగి. గడపలో నిలబడిన పెండ్లాం దిక్కు గడ్డం ఎత్తినాడు. "దానికి చదువు."

చదివినాను. ఒత్తుల కాడ తట్టుకుంటా, అక్షరం అక్షరం. "తీసెయ్ అని అరిచింది నేనే" అన్న కాడ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయిపోయినాక నా దిక్కు చూడనే లేదు.

"నాకు ఎందుకు చెప్పలేదయ్యా ఇన్నేండ్లు?" అని మొగుణ్ణే అడిగింది.

"చెప్పినా. నువ్వు నమ్మలే."

ఆమె నేల మీద కూలబడింది. నన్ను కూర్చోమన్నోళ్ళు లేరు, పొమ్మన్నోళ్ళు లేరు. ఆమే, "ఇంకోసారి చదువు" అనింది. చదివినాను. మళ్ళీ చదవమనింది. మూడోసారికి వాడు కండ్లు మూసుకున్నాడు, నిద్రో ఏమో తెలియలే. చదివేది ఆపి కాగితం దించినాను.

"ఆపద్దు. మొదటినుంచి చదువు" అనింది ఆమె.