పంపు ఆఫ్, వెయ్యి అడుగులు దాటాక

పొద్దున్నే అయిదున్నరకి ఫోను మోగేది. ఇందిర అప్పటికే పొయ్యి మీద టీ నీళ్లు పడేసి, ఫ్రిజ్ మీదున్న రూళ్ల పుస్తకం తీసి, కళ్లజోడు పెట్టుకుని కూర్చునేది. అవతల కూతురు బిందు, ఎక్కడో వేరే రాష్ట్రంలో విమానాలు నేర్పే స్కూలు హాస్టల్లోంచి. ఇద్దరు ముగ్గురు పట్టే చిన్న విమానం అది. ఎక్కాక వరసగా చూసుకోవాల్సినవన్నీ సెలవులకి వచ్చినప్పుడు తెలుగక్షరాల్లో రాసిచ్చింది. అయిదో తరగతి చదివిన తల్లి ఒక్కొక్కటీ అడగాలి, కూతురు చూడకుండా చెప్పాలి.

"ఫ్యూయల్ పంపు?"

"ఆన్."

"ఇంజనుకి ఒక పంపు ఉందన్నావుగా, మళ్లీ ఇదెందుకే?"

"అది ఇంజనుతోపాటు తిరిగేది. అది మొరాయిస్తే పెట్రోలు ఆగిపోదూ? అందుకని ఇంకోటి, కరెంటుతో నడిచేది. లేచేటప్పుడూ దిగేటప్పుడూ రెండూ నడవాలి. మన జనరేటరు లాంటిదనుకో."

"అలా చెప్పు మరి. వెయ్యి అడుగులు దాటాక పంపు ఆఫ్, పెట్రోలు ముల్లు చూడు. వెయ్యంటే ఎంతుంటుందే?"

"బందరు లైట్‌హౌసులు ఓ ఏడు ఒకదాని మీద ఒకటి పెట్టుకో. అమ్మా, నువ్వు అడగాలి, నేను చెప్పాలి. అన్నీ నువ్వే చెప్పేస్తే నువ్వే వచ్చి నడుపు."

"నడుపుతా. కళ్లజోడుంటే రానిస్తారా?"

బిందు పోయి ఏడు నెలలైంది. ఇప్పుడూ అయిదున్నరకి టీ నీళ్లు మరుగుతాయి. ఇందిర పుస్తకం తియ్యదు. దాని మీద పడ్డ దుమ్ము కూడా తుడవదు.

వాళ్ల సొంతూరు నందివాడ దగ్గర పల్లె. భర్త పిచ్చేశ్వరరావు పదిహేనేళ్ల కింద కృత్తివెన్ను వైపు వచ్చి రొయ్యల చెరువులు వేశాడు. గట్టు మీదే ఇల్లు. అప్పట్నించీ ఇందిర బతుకంతా ఆ ఇంటికీ జనరేటరు షెడ్డుకీ మధ్యే నడిచింది. చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్లు కరెంటు పోయి ఆగితే రొయ్యలకి గాలి ఆడదు. గంట ఆలస్యమైతే పంటంతా పైకి తేలుతుంది. భర్త మేత కోసమో మందుల కోసమో బందరు పోతే, షెడ్డు కాపలా ఆమెదే.

కూతురు పోయాక ఆమె గడప దాటింది ఒక్కసారే, గుడివాడలో బంధువుల గృహప్రవేశానికి. భోజనాల దగ్గర వెనక బంతిలో ఎవరో అన్నారు. "పంపు వెయ్యడం మర్చిపోయిందంట. ఇంట్లో గ్యాసు కట్టడమే మర్చిపోయే వయసు, దాని చేతికి విమానం ఇచ్చారు." ఇందిర పెరుగన్నం కలుపుతూ కలుపుతూ అలాగే లేచి వచ్చేసింది.

దారిలో కారులో అడిగింది. "మర్చిపోయిందాండీ?"

"మెషీను పాడైంది. అంతే. ఇంకెప్పుడూ అడక్కు," అన్నాడు పిచ్చేశ్వరరావు.

ఆయన అడగొద్దన్నాడు గానీ ఆమెకి అన్నం సయించలేదు. మర్చిపోయిందా, లేదా? అదొక్కటి తెలిస్తే చాలనుకుంది.

పోయిన వారం బిందుకి నేర్పిన చంద్రశేఖర్ గారు వచ్చారు. నలభై దాటిన మనిషి. పిల్ల వస్తువులు ఒక సంచీలో తెచ్చి, ఎవరి చేతికివ్వాలో తెలీక ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారు. ఇందిర మంచినీళ్లిచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి, భర్త వంక చూడకుండా అడిగేసింది.

"పంపు వెయ్యడం మర్చిపోయిందాండీ మా అమ్మాయి?"

"లేదమ్మా. మర్చిపోలేదు. వేసింది."

ఇందిర రెండడుగులు ముందుకొచ్చింది.

"ఇంజను పంపు లోపల ఎప్పుడు దెబ్బతిందో, లేచేటప్పుడు రెండోది నడుస్తోంది కాబట్టి ఎవరికీ తెలీలేదు. ఆ రోజు ఒక్కతే నడుపుతోంది. ఆరొందల అడుగుల దగ్గర ఆ రెండోది ఆపేసింది. పెట్రోలు అందలేదు. వెంటనే మళ్లీ వేసింది, రేడియోలో చెప్పింది కూడా. ఇంజను అందుకోడానికి కాస్త టైము కావాలి. వెయ్యి మీద ఉంటే సరిపోయేది. పొలంలో దించబోయింది, గట్టు తగిలింది."

"అదే నేనంటున్నా! పంపు పాడైంది. మా పిల్ల తప్పు కాదు," అన్నాడు పిచ్చేశ్వరరావు.

"పంపు పాడైన మాట నిజమేనండీ. కాదనను." ఆయన సంచీ తాడు వేలికి చుట్టుకున్నారు. "కానీ నాకొకటి అర్థం కావట్లేదు. ఎప్పుడడిగినా వెయ్యి అనే చెప్పేది. నేను పక్కన కూర్చున్నప్పుడు మాత్రం రెండుసార్లు చెయ్యి ముందే పంపు మీట మీదికి వెళ్లింది. పట్టుకుని ఆపాను. 'అలవాటు సార్' అని నవ్వింది. ఏం అలవాటో అడగలేదు నేను. అడగాల్సింది."

పిచ్చేశ్వరరావు ఏదో అంటున్నాడు. ఇందిరకి వినపడలేదు. ఆమెకి పన్నెండేళ్ల బిందు కనపడుతోంది, రెండు జడలతో, చెప్పుల్లేకుండా గట్టు మీద పరిగెడుతూ. ఇంటి చూరుకి ఎర్రబల్బు ఒకటి ఉంటుంది. లైను కరెంటు వస్తే అది వెలుగుతుంది. వెలగడం ఆలస్యం, వంటింట్లోంచి ఇందిర కేక పెట్టేది. "కరెంటొచ్చిందే! ఆపెయ్, డీజిలు దండగ!" పిల్ల మీట లైను వైపు మార్చి అదే ఊపున జనరేటరు ఆపేసేది. షెడ్డులో పనిచేసే కోటేశ్వరరావు, దివిసీమ మనిషి, నెమ్మదస్తుడు, ఎప్పుడూ గొణిగేవాడు. "అయిదు నిమిషాలు ఆగొచ్చుగా పాపా, కరెంటు నిలబడిందో లేదో చూసుకుని." ఒక్కోసారి నిజంగానే మళ్లీ పోయేది. బిందు నవ్వుకుంటూ వెనక్కి పరిగెత్తేది. ఇక్కడ వెనక్కి పరిగెత్తడానికి గట్టుంది.

"నాదండీ ఆ అలవాటు," అంది ఇందిర.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"లైను కరెంటు అందుకోగానే జనరేటరు ఆపెయ్యమని నేనే తరిమేదాన్ని. ఆరేళ్లు. కాస్త ఆలస్యమైతే తిట్టేదాన్ని. పొద్దున్నే ఫోనులో వెయ్యి అడుగులని చదివింది కూడా నేనే. నోటికి ఒకటి చెప్పి, చేతికి ఇంకోటి నేర్పాను."

"ఇందిరా! లోపలికి పో," అన్నాడు పిచ్చేశ్వరరావు.

చంద్రశేఖర్ గారు 'అలా అనుకోకండమ్మా' అనలేదు. "ఈ మాట కొత్తగా నేర్చుకునేవాళ్లకి చెప్పొచ్చా అమ్మా? పేరు చెప్పను."

"పేరు చెప్పండి. బిందు అని చెప్పండి. వాళ్లమ్మ నేర్పిందని కూడా చెప్పండి."

ఆ రాత్రి పిచ్చేశ్వరరావు ఆమె కంచంలో తనే అన్నం పెట్టాడు. ఇద్దరూ తినలేదు.

ఈ పొద్దున అయిదింటికి కరెంటు పోయింది. కోటేశ్వరరావు జనరేటరు వేశాడు. ఏరేటర్లు నీళ్లు చిమ్మాయి. ఇందిర పొయ్యి కట్టేసి షెడ్డు దాకా నడిచింది. తెల్లవారుతుండగా చూరు కింద ఎర్రబల్బు వెలిగింది. కోటేశ్వరరావు మీట లైను వైపు మార్చి, ఆమె కేక కోసం చూశాడు. అలవాటు మరి. కేక రాలేదు. అయిదారు నిమిషాలు చూసి తనే అడిగాడు.

"ఆపేదా అమ్మగారూ?"

ఆపే మీట ఆమె చేతికందేంత దూరంలోనే ఉంది. చెయ్యి దానంతట అదే లేచింది. ఇందిర దాన్ని కొంగులో చుట్టి వెనక్కి లాక్కుంది.

"అయిదు నిమిషాలన్నావుగా నువ్వు."

"అయిపోయాయిగా అమ్మగారూ. నిలబడింది కరెంటు."

ఇంటి అరుగు మీంచి పిచ్చేశ్వరరావు కేకేశాడు. "బల్బు వెలిగి ఎంతసేపయింది! ఎవరూ ఆపరేం? డీజిలు..." అని, అక్కడే మాట మింగేశాడు.

కోటేశ్వరరావు ఆయన్నీ ఆమెనీ మార్చి మార్చి చూసి, మీట దగ్గర్నించి పక్కకి జరిగాడు. ఇందిర షెడ్డు గుమ్మంలో ఖాళీ మేత సంచీ పరుచుకుని కూర్చుంది. పక్కన జనరేటరు నడుస్తూనే ఉంది.