శ్యాంసుందర్‌రావు సారు, హీలియమ్మ

శ్యాంసుందర్‌రావు సారుకు ఒక్కటే చెడ్డ అలవాటు. ఎవలన్న ఏమన్న అడిగితె పూర్తిగ వివరం చెప్పకుండ ఊకునేటోడు కాదు. "టైమెంతయింది సారూ" అంటె, గడియారం లోపట స్ప్రింగు ఎట్ల విప్పుకుంటదో గక్కడ్నుంచి మొదలువెట్టేటోడు. అడిగినోని బస్సు పోయేది.

సుల్తానాబాద్ దగ్గరి పల్లెల, భూములున్న ఇంట్ల పుట్టిండు. 1969ల ఢిల్లీకి పోయి ఫిజిక్సుల పెద్ద చదువు చదివిండు. ఆయన పరిశోధన రెండు సరుకుల మీద. ఒకటి సెమీకండక్టర్లు, రెండోది ద్రవ హీలియం. వాటిల నుంచి వెలుతురును, చప్పుడును గట్టిగ పంపిస్తె దారిల అవి ఏమేం వేషాలు వేస్తయో చూసుడు ఆయన పని. పెండ్లి సంబంధం మాట్లాడేటప్పుడు పిల్ల మేనమామ దామోదర్‌రావు గీ మాట విని పరేషానయిండు.

"సగం కండక్టరేంది? టికెట్లు కొడుతడు గని విజిల్ ఊదడా?"

శ్యాంసుందర్‌రావు ఆయనను మంచం మీద కూసోవెట్టి పొద్దుగూకేదాక చెప్పిండు. అంత విన్నంక దామోదర్‌రావుకు ఒక్కటి సమజయింది. పిలగాడు తాగుబోతు కాదు, తాగినోడు గూడ గంతసేపు మాట్లాడడు. గట్ల సరళాదేవినిచ్చి పెండ్లి చేసిండ్రు.

కరీంనగర్ల కాలేజీ నౌకరి దొరికింది. గక్కడ హీలియం ఎక్కడిది? కాలేజీ మొత్తంల చల్లటి వస్తువంటె ప్యూను కొండల్ పొద్దుగాల నింపే మట్టి రంజనొక్కటే. సారు గా రంజన్ల నీళ్లు తాగుకుంట ఢిల్లీని యాద్‌జేసుకునేటోడు.

ఎనబైల మొదట్ల, ఒక ఎండకాలం సొంతూర్లె పెండ్లికి పోయిండు. బువ్వలు తిన్నంక పందిరి కింద ఎవలో అడిగిండ్రు, ఢిల్లీల ఏం చూసినవ్ సారూ అని. ఎర్రకోట సంగతి చెప్పుతడనుకున్నరు.

"హీలియమని ఒక గాలి ఉంటది," అన్నడు సారు. "దాన్ని బాగ చల్లవెడితె నీళ్ల లెక్క అయితది. ఇంక చల్లవెడితె దానికి జిగట అన్నదే పోతది. గిలాసల పోస్తె అద్దం వట్టుకొని పలుచగ పైకి పాకి, అంచు దాటి, బయటికెల్లి దిగి, అడుగున బొట్టుబొట్టు రాలుతది. జరసేపటికి గిలాస ఖాళీ."

"మోటరు లేకుండనా?" అన్నడు పక్కన కూసున్న అంతయ్య.

"మోటరు లేకుండనే."

అంతయ్యకు నిద్రవట్టలే. ఆయన చెల్క మిట్ట మీదుంటది. కింద, కాలువ పక్కపొంటి బాయిల నిండ నీళ్లు. మిట్టెక్కియ్యాల్నంటె మోటరు గావాలె, మోటరుకు కరెంటు గావాలె. కరెంటు కొరకు తిరిగి తిరిగి, ఆఫీసు కాడి కుక్క గూడ అంతయ్యను చూసి తోక ఊపుడు మొదలువెట్టింది. తెల్లారి సక్కగ కరీంనగర్ల సారు ఇంటికొచ్చిండు.

"సారూ, గా గోడెక్కే మందు జర మా బాయిల పోద్దాం."

"మందు కాదు అంతయ్యా. నీళ్లు గట్ల ఎక్కయి. హీలియమే ఎక్కుతది. అదిగూడ సున్న కింద రెండు వందల డెబ్బై ఒక్క డిగ్రీలకు పోతెనే."

"కిందికెందుకు పోవుడు? మనకు పైకి గదా గావాలె?"

"చల్లదనం సంగతి అంతయ్యా! ఐసుగడ్డ కంటె ఎంతో ఎక్కువ చల్లదనం."

"ఐసు పేరెత్తకున్రి, నిజంగనే తెస్తడు," అని వంటింట్ల నుంచి సరళాదేవి అన్నది. అప్పటికె అంతయ్య చెప్పులేసుకుంటుండు.

మెల్లగ పంపిన చప్పుడు ఎట్లున్నది అట్లనే చేరుతది, గట్టి చప్పుడు దారిల తన రూపం తానె మార్చుకుంటదని సారు థీసిస్ల రాసిండు. అంతయ్యది గట్టి గొంతు. కరీంనగర్ల బయలెల్లిన హీలియం, ఊరు చేరేసరికి హీలియమ్మ అయింది.

"యే ఊరి తల్లి?" అనడిగింది అంతయ్య పెండ్లాం కొమురవ్వ.

"ఢిల్లీ తల్లి. చల్లటి తల్లి."

"చల్లటి తల్లయితె మంచిదే. బలికి యాటనడుగది."

మిరుగు కార్తె పోయి మబ్బు పట్టినంక, ఒక ఆదివారం అంతయ్య మల్ల సారు ఇంటికాడ దిగిండు. "సారూ, ఐసుగడ్డను ఊకల చుట్టి బస్సు మీదెక్కిచ్చిన. లోపట కూసున్నోళ్ల మీద కారుతాంది, తిడుతుండ్రు. మీరు గూడ జల్ది ఎక్కున్రి."

కాదని కండ్లతోని చూస్తెనన్న నమ్ముతరని సారు బయలెల్లిండు. బాయి గడ్డ మీద ఊరంత జమయింది. ఇత్తడి బిందెల నీళ్లు పోసి, ఐసు ముక్కలేసి, సారు చేతులు కట్టుకున్నడు.

"ఇగ చూడున్రి. ఒక్క చుక్క బయటికి రాదు."

ఉక్కపోత. అందరు బిందె దిక్కు చూస్తుండ్రు. జరసేపటికి బిందె బయట సన్నగ చెమ్మగిల్లింది. చెమ్మ చుక్కలయింది. ఒక చుక్క ఇంకో చుక్కను కలుపుకొని సర్రున కిందికి జారింది.

"ఎక్కింది! దిగుతాంది!" అని కొమురవ్వ మొత్తుకున్నది.

సారు రుమాలుతోని బిందెను తుడిచిండు. మల్ల వచ్చినయ్. మల్ల తుడిచిండు. తుడిచినకొద్ది తల్లి వస్తున్నదని జనం దండాలు పెట్టిండ్రు.

"అవి బిందెల నీళ్లు కావయ్యా! గాలిల ఉన్న నీళ్లు! చల్లటి బిందెకు తాకి గట్ల పడుతున్నయ్!"

"గాలిల గూడ నీళ్లున్నయా?" అన్నడు అంతయ్య.

"ఉన్నయ్!"

"మరి గవి గూడ తియ్యున్రి సారూ. బాయి ఎండినా ఫికరుండది."

ఎవలో కొబ్బరికాయ కొట్టిండ్రు. బిందెకు బొట్టు పెట్టినోళ్లు సారు నొసటికి గూడ పెట్టిండ్రు.

గంతల్నె ఆగితె సారు నవ్వి ఊకునేటోడు. గని వారం తిరుగంగ తెలిసిందేందంటె, అంతయ్య తల్లి మీద భారమేసి, కావడితోని నీళ్లు మోసి, మిట్ట మీద నారు పోసిండు. సారుకు బుగులువట్టింది. నారెండితె పాపం ఎవలికి? అంతయ్యను వెంటేసుకొని కరెంటాఫీసుకు పోయిండు. గక్కడ ఇంజనీరు లక్ష్మీరాజం మర్యాదగ కుర్చీ ఏసి, అడుగకూడని మాట అడిగిండు.

"అంత తొందరేమొచ్చింది సారూ?"

"ఎందుకంటె..." అని సారు మొదలువెట్టిండు. హీలియం గాలి నుంచి పట్టుకున్నడు. జిగట దాక వచ్చిండు. ఛాయ్ వచ్చింది, చల్లారింది. లక్ష్మీరాజం గడియారం చూసిండు, కిటికీ చూసిండు, అంతయ్యను చూసిండు. అంతయ్య నిమ్మలంగ తలూపుతుండు.

"హీలియంల వేడిగూడ చప్పుడు లెక్క అలలల్లనే పోతది," అన్నడు సారు. "దాన్ని రెండో చప్పుడంటరు."

"మూడోది గూడ ఉన్నదా సారూ?" అన్నడు లక్ష్మీరాజం.

"ఉన్నది. నాలుగోది గూడ ఉన్నది. ముందుగాల మూడోది చెప్త."

లక్ష్మీరాజం లేచి నిలవడ్డడు. లైన్‌మన్‌ను పిలిచి, "గీ సారు చెప్పిన కాడ రేపే స్తంభం పాతున్రి" అన్నడు.

మోటరు తిరిగింది. పైపు రెండుసార్లు దగ్గింది, నీళ్లు మిట్టెక్కినయ్. నారు బతికింది. ఊరంత హీలియమ్మకు దండం పెట్టింది. సారుకు కోపమొచ్చింది.

"అమ్మ కాదు, ఏం కాదు! గది కరెంటు!"

"కరెంటు ఎవలిచ్చిండ్రు?" అనడిగింది కొమురవ్వ.

"ఆఫీసాయన."

"ఎందుకిచ్చిండు?"

"నేను హీలియం గురించి చెప్తె..."

"మరి?"

సారు ఎనుకకు ముందుకు లెక్క చూసుకున్నడు. తప్పేం దొరకలే. కొమురవ్వ ఉడికిచ్చి పెట్టిన శనగ గుడాలు తినుకుంట మోటరు చప్పుడు విన్నడు.

గా ఏడు అంతయ్య వడ్లు మంచిగనే పండినయ్. సారు తొంబైలల్ల రిటైరయి, ఊరికొచ్చి, అంతయ్య పక్క చెల్కల మామిడి మొక్కలు పెట్టిండు. సగం బతికినయ్. సరళాదేవి పచ్చడికి గవి చాలినయ్.